ఆ చెంచాల నలుపును తోమేయకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలోని ఇంటి చిట్కాల్లో పాత వెండి చెంచాలను టూత్‌పేస్టుతో తోమమన్నారు. మొండికేస్తే అల్యూమినియం ఫాయిల్ పరిచిన గిన్నెలో తినేసోడా వేసి, మరిగే నీళ్లు పోసి ముంచమన్నారు. రోజూ వాడే సాదా చెంచాకైతే ఆ సలహాతో పెద్ద పేచీ లేదు. కానీ పక్కన వేసిన ఫొటోలో ఉన్నవి సాదా చెంచాలు కావు. కాడ చివర కోట బొమ్మ, గుంటలో చెక్కిన ఊరి పేరు, ఒకదాని మీద రంగుల ఎనామెల్, అంటే లోహం మీద కరిగించి పట్టించిన గాజు. అవి సావనీర్ చెంచాలు, అంటే చూసివచ్చిన ఊరికి గుర్తుగా కొనుక్కునేవి. వాటికి ఆ చిట్కా వర్తింపజేస్తే పావుగంటలో పాడవుతాయి, మళ్లీ బాగుచేయడానికి వీలుండదు.

ముందు నలుపు సంగతి. ఉబ్బెత్తు బొమ్మ ఉన్న చెంచాను అచ్చు కొట్టాక పనివాడు దాన్ని గంధకం కలిసిన ద్రావణంలో ముంచి నల్లబరుస్తాడు. ఆ తర్వాత ఎత్తైన చోట్ల మాత్రమే మెరుగు పెడతాడు. పల్లాల్లో నలుపు అలాగే ఉండిపోతుంది. కాగితం మీద నీడ ఎలాగో వెండి మీద ఆ నలుపు అలాగ. అది పోతే కోట గోడా కిటికీ కలిసిపోయి చప్పిడి ముద్ద మిగులుతుంది. గాలిలోని గంధకం వల్ల ఏళ్ల తరబడి పట్టిన నలుపూ, పనివాడు కావాలని పెట్టిన నలుపూ రెండూ సిల్వర్ సల్ఫైడే. సోడా నీళ్లకు ఈ తేడా తెలియదు. అల్యూమినియం ఇచ్చే ఎలక్ట్రాన్లతో సల్ఫైడ్ తిరిగి వెండిగా మారుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, రెండు నలుపులూ కలిసే పోతాయి. పైగా అలా తిరిగొచ్చిన వెండి నునుపుగా ఉండదు. సన్నటి రేణువుల్లా పేరుకుంటుంది కాబట్టి వెలవెలబోతుంది, మునుపటికంటే త్వరగా మళ్లీ నల్లబడుతుంది.

ఇంతకీ ఊళ్ల పేర్లు చెక్కడానికి చెంచానే ఎందుకు ఎంచుకున్నారు? చెంచాను కానుకగా ఇవ్వడం పర్యాటకం కంటే పాత అలవాటు. ఇంగ్లండులో 15 నుంచి 17వ శతాబ్దం దాకా బాప్టిజం వేళ బిడ్డకు అపోస్తలుల చెంచాలిచ్చేవారు. కాడ చివర ఒక్కో శిష్యుడి బొమ్మ, చేతిలో అతని గుర్తు ఉండేవి: పేతురుకు తాళంచెవి, అంద్రెయకు ఏటవాలు శిలువ. పన్నెండుగురూ, క్రీస్తూ కలిస్తే పదమూడు. కలిగినవారు మొత్తం జత ఇస్తే, లేనివారు ఒక్క చెంచాతో సరిపెట్టేవారు. వేల్స్‌లో కుర్రాళ్లు చెక్కతో ప్రేమ చెంచాలు చెక్కి ఇచ్చేవారు. సెయింట్ ఫేగన్స్ మ్యూజియంలో ఉన్న ఒక చెంచా మీద 1667 అని ఉంది. బ్రిటిష్ రాజుల పట్టాభిషేకంలో తైలం తీసే చెంచా 12వ శతాబ్దపుది. 1649లో పార్లమెంటు రాజచిహ్నాలను అమ్మేసినప్పుడు దాన్ని ఒకాయన 16 షిల్లింగులకు కొని, రాజరికం తిరిగి వచ్చాక రెండో చార్లెస్‌కు అప్పగించాడు. కిరీటాలను కరిగించేశారు, చెంచా మాత్రం బతికింది.

పర్యాటకుల చెంచా మాత్రం 19వ శతాబ్దపు బిడ్డ. యూరప్ చుట్టివచ్చే సంపన్నుల కోసం అక్కడి కంసాలులు ఊరి చిహ్నాలతో చెంచాలు చేసి అమ్మేవారు. అమెరికాలో ఈ వేడి అంటుకున్న సంవత్సరం 1889. జార్జి వాషింగ్టన్ తొలి అధ్యక్షుడిగా ప్రమాణం చేసి నూరేళ్లయిన ఆ ఏడాది, వాషింగ్టన్ నగరంలోని గాల్ట్ నగల దుకాణం ఆయన ముఖంతో చెంచా తెచ్చింది, వెంటనే మార్తా వాషింగ్టన్ చెంచా కూడా వచ్చింది. (ఆ దుకాణపు కుటుంబంలోకి కోడలిగా వెళ్లి, భర్తను పోగొట్టుకున్న ఎడిత్ గాల్ట్ 1915లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్‌ను పెళ్లాడింది.) అసలు తుఫాను లేపింది మాత్రం మసాచుసెట్స్‌లోని సేలం. జర్మనీలో చెంచాలు చూసి వచ్చిన డేనియల్ లో అనే నగల వ్యాపారి, 1692 నాటి మంత్రగత్తెల విచారణలనే సరుకుగా మార్చాడు. చీపురు పట్టిన మంత్రగత్తె, సేలం అన్న పేరు, మూడు గుండుసూదులు: ఇదే ఆ నమూనా. 1891 జనవరిలో దానికి పేటెంట్ వచ్చింది. ఇరవై మంది ప్రాణాలు తీసిన ఉదంతం టీ కప్పులో తిరిగే బొమ్మ అయింది. ఆ ఊరి సిగ్గును ఆ ఊరి వ్యాపారే అమ్ముకోవడం చూస్తే వ్యాపారానికున్న ధైర్యం అర్థమవుతుంది.

ఒకటి రెండేళ్లలో వందల నమూనాలు వచ్చాయి. దానికి కారణాలు లేకపోలేదు. 1859లో నెవాడాలో కామ్‌స్టాక్ గని బయటపడ్డాక వెండి దండిగా దొరికింది, ధర దిగింది. రైళ్లు జనాన్ని తిప్పాయి. ప్రైవేటు ముద్రాపకులు వేసే పోస్టుకార్డులకు అమెరికాలో తపాలా రాయితీ 1898లో గానీ రాలేదు. ఒక డాలరు బ్రౌనీ కెమెరా 1900లో వచ్చింది. అంటే 1891లో ఊరు చూసి వచ్చినవాడు ఆ ఊరి బొమ్మను జేబులో పెట్టుకు రావాలంటే చెంచాను మించిన సాధనం అరుదు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఈ మోజు తారస్థాయికి చేరింది. ఆ ప్రదర్శన భవనాల్లో చాలావరకు పైపూత గచ్చుతో కట్టిన తాత్కాలిక కట్టడాలే. వాటిలో ఎన్నో మరుసటి ఏడాదే కాలిపోయాయి. వాటి గోపురాలు చెంచా గుంటల్లో ఇంకా నిలిచే ఉన్నాయి. ఈ సేకరణలోని ఆకర్షణ నా మటుకు నాకు ఇదే. శాన్‌ఫ్రాన్సిస్కో క్లిఫ్ హౌస్ సంగతి చూడండి: సముద్రపు అంచున బురుజులతో కట్టిన ఆ ఏడంతస్తుల భవనం 1896లో లేచి 1907లో కాలిపోయింది. గుంటలో ఆ బురుజులు కనిపిస్తే బొమ్మ గీసింది 1896కు ముందు కాదని ఇట్టే చెప్పవచ్చు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఈ మోజు సన్నగిల్లింది. రెండో యుద్ధం తర్వాత విహారయాత్రలతో పాటు తిరిగొచ్చింది గానీ, అప్పటికి వెండి స్థానంలో పూత వచ్చేసింది. 1934లో కెనడాలో ఒకే కాన్పులో పుట్టిన డియోన్ అక్కచెల్లెళ్ల పేర్లతో వచ్చిన అయిదు చెంచాలు పూతవే. అలాంటివాటిలో అయిదూ జతగా ఉంటేనే విలువ, విడివిడిగా అంతంతమాత్రం.

బొమ్మ చూసి మురిసిపోయేముందు చెంచాను తిప్పి చూడాలి. అసలు జాతకం వెనకవైపు, కాడ మీదో గుంట మెడ దగ్గరో ఉంటుంది. పదింతలు పెంచి చూపే భూతద్దం, పక్కనుంచి పడే దీపం ఉంటే చాలు. స్టెర్లింగ్ అంటే వెయ్యికి 925 పాళ్లు వెండి. బ్రిటిష్ చెంచా మీద నడిచే సింహం ఉంటే స్టెర్లింగ్. పక్కనుండే గుర్తు వెండిని పరీక్షించి ముద్ర వేసిన నగరానిది: చిరుతపులి తల లండన్, లంగరు బర్మింగ్‌హామ్. కోట ఎడిన్‌బరోది, కానీ అక్కడ నడిచే సింహానికి బదులు వేరే గుర్తు ఉంటుంది. షెఫీల్డ్‌కు ఒకప్పుడు కిరీటం, 1975 నుంచి గులాబీ. చెస్టర్ పరీక్షా కార్యాలయం 1962లో మూతపడింది కాబట్టి దాని ముద్ర ఉన్నది అంతకు తర్వాతిది కాదు. పక్కనుండే ఒంటరి అక్షరం సంవత్సరానిది. అయితే 1975కు ముందు ఒక్కో నగరానికి ఒక్కో వరస ఉండేది, ఒకే అక్షరం ఇరవై, పాతికేళ్లకోసారి వేరే లిపిలో, వేరే ఆకారపు గడిలో తిరిగొచ్చేది. నగరం తేల్చకుండా అక్షరాన్ని చదివితే పాతికేళ్లో యాభయ్యేళ్లో తప్పుతుంది. రాజు లేదా రాణి తల ముద్ర పన్ను కట్టినట్టు గుర్తు. 1784 నుంచి 1890 దాకే వేశారు.

జర్మనీలో చేసిన అసలు వెండికి 800 అనే అంకె, పక్కన నెలవంక, కిరీటం. ఆ ముద్ర విధానం 1888 నుంచి అమల్లో ఉంది. నార్వేలో 830ఎస్ లేదా 925ఎస్. పాత రష్యన్ చెంచా మీది 84 అక్కడి జొలోత్నిక్ అనే పాత తూకపు లెక్క, అంటే వెయ్యికి 875. అమెరికాలో ప్రభుత్వ పరీక్షా కార్యాలయం లేదు; తయారీదారే స్టెర్లింగ్ అని మాటగా కొడతాడు, 1906 చట్టం ఆ మాటను నిలబెట్టుకునే బాధ్యత పెట్టింది.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వెనకాల 90 అనో 100 అనో ఉంటే 90 శాతం వెండి అనుకుంటారు. కాదు. అది యూరప్ పూత లెక్క: 24 చదరపు డెసిమీటర్ల ఉపరితలానికి, అంటే సుమారుగా పన్నెండు పెద్ద చెంచాలూ పన్నెండు ఫోర్కులకూ కలిపి, 90 గ్రాముల వెండి ఎక్కించారని అర్థం. లెక్క వేస్తే పూత మందం దాదాపు 36 మైక్రాన్లు, మామూలు కాగితం మందంలో మూడో వంతు. 800, 830, 835, 925 అసలు వెండి. 90, 100 పూత. ఇ.పి.ఎన్.ఎస్. (విద్యుత్తుతో వెండి పూత పట్టించిన నికెల్ సిల్వర్ అనే ఇంగ్లిషు మాటలకు పొట్టి రూపం) అక్షరాలదీ అదే కథ. విద్యుత్తుతో పూత పట్టించే పద్ధతికి ఎల్కింగ్టన్ సంస్థ 1840లో పేటెంట్ తీసుకుంది. కింద ఉండేది రాగి, నికెల్, జింక్ కలిసిన జర్మన్ సిల్వర్. పేరులో తప్ప అందులో వెండి లేదు. ఆ నాలుగు అక్షరాలనూ నాలుగు చిన్న గడుల్లో కొట్టి హాల్‌మార్కులా భ్రమింపజేయడం పాత ఎత్తు.

దేశం పేరు కూడా కాలాన్ని చెబుతుంది. దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం పేరుండాలని అమెరికా చట్టం చేశాక, 1891 నుంచి ఆ పేర్లు మొదలయ్యాయి. పశ్చిమ జర్మనీ అని ఉంటే 1949, 1990 మధ్యది. ఆక్రమిత జపాన్ అని ఉంటే 1952కు తర్వాతిది కాదు. కానీ పేటెంట్ తేదీని తయారీ తేదీ అనుకోకండి. ఒకసారి చెక్కిన ఉక్కు అచ్చు దశాబ్దాలు పనిచేస్తుంది; 1891 పేటెంట్ ముద్రతోనే ఎన్నో ఏళ్ల తర్వాత కొట్టిన చెంచాలున్నాయి.

ముద్రలు అరిగిపోతే? అయస్కాంతం ఇనుమును పట్టిస్తుందే గాని జర్మన్ సిల్వర్‌ను పట్టించదు, కాబట్టి అతుక్కోనంత మాత్రాన వెండి అనుకోకూడదు. యాసిడ్ చుక్క మచ్చ మిగులుస్తుంది. నష్టం లేని పరీక్ష సాంద్రత. గ్రాములో నూరోవంతు చూపే తూకం కావాలి. ముందు చెంచాను పొడిగా తూచండి. తర్వాత తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, చెంచాను సన్నటి దారంతో వేలాడదీసి పూర్తిగా ముంచండి. అడుగుకూ గోడకూ తగలకూడదు. తూకం చూపే అంకెతో మొదటి బరువును భాగించండి. 18.60 గ్రాముల చెంచాకు నీళ్లలో 1.80 వస్తే 10.33, స్టెర్లింగ్ సాంద్రత 10.3, 10.4 మధ్య ఉంటుంది కాబట్టి సరిపోయింది. 2.14 వస్తే 8.7, అది జర్మన్ సిల్వర్. నీటిలో ఒక చుక్క సబ్బు కలపకపోతే చెక్కడపు సందుల్లో గాలి బుడగలు అంటుకుని సాంద్రత తక్కువ చూపుతుంది. పదోవంతు మాత్రమే చూపే వంటింటి తూకంతో ఈ పని కాదు: 1.8కి పదోవంతు అటూ ఇటూ అయితే జవాబు 9.8 నుంచి 10.9 దాకా ఊగుతుంది. ఎనామెల్ గాజు కాబట్టి తేలిక. అది ఎక్కువగా ఉన్న చెంచా అసలు వెండిదైనా తక్కువ చూపుతుంది. కాడ బోలుగా ఉన్నా అంతే.

అతుకులూ, చెరిపివేతలూ ఉన్నాయేమో తెలియాలంటే చెంచా మీద నోటితో ఆవిరి ఊదండి. ఆవిరి పోయేటప్పుడు టంకం వేసిన గీత వేరుగా కనిపిస్తుంది. సాదా చెంచాకు తర్వాత అతికించిన ఎనామెల్ చిహ్నం, గుంటలో పేరు గీకేసి పాలిష్ చేసిన చోటు ఇలా బయటపడతాయి. గీకేసిన చోట గుంట వేళ్ల మధ్య పలచగా తగులుతుంది కూడా. చెక్కిన పేరు గీతల అంచులు పదునుగా ఉండి, చుట్టూ ఉపరితలం మాత్రం అరిగి ఉంటే అది నిన్న మొన్న చెక్కిందే.

గుంటకు లోపల బంగారు పూత ఉంటే దాన్ని అసలు రుద్దకండి. గుడ్డులోని గంధకం, ఉప్పు వెండిని తినకుండా వేసిన పూత అది, చాలా పలచన. నాలుగుసార్లు తోమితే గుంట మధ్యలో తెల్లటి మచ్చ తేలుతుంది.

ఎనామెల్ చెంచాలది మరింత సున్నితమైన వ్యవహారం. గాజు పొడిని లోహం మీద పరిచి 750 నుంచి 850 డిగ్రీల సెంటిగ్రేడులో కరిగిస్తారు. లోహం వంగుతుంది, గాజు వంగదు. వంగిన కాడను సరిచేద్దామని చేత్తో వంచితే పెళ్లలు లేచిపోతాయి. మరిగే నీళ్లు పోస్తే లోహం, గాజు వేర్వేరుగా వ్యాకోచించి వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. ధ్వని కంపనాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రంలో వేస్తే అంతకుముందున్న పగుళ్లు పెచ్చులవుతాయి. చెంచాను దీపానికి ఏటవాలుగా పట్టి తిప్పితే పగుళ్లు తళుక్కుమంటాయి. గోళ్ల రంగుతోనో రెజిన్‌తోనో నింపిన చోట మెరుపు తెగిపోతుంది, అతినీలలోహిత దీపం కింద తరచు వేరే రంగులో వెలుగుతుంది.

మరి ఎలా శుభ్రం చేయాలి? చాలాసార్లు గోరువెచ్చని నీళ్లు, లీటరుకు రెండు చుక్కల సాదా గిన్నెల సబ్బు, మెత్తటి కుంచె, వెంటనే మెత్తటి నూలు బట్టతో తుడవడం. ఎనామెల్ ఉన్నదాన్ని నీటిలో నానబెట్టవద్దు, తడి దూదితో తుడిస్తే చాలు. నలుపు చదునైన చోట్ల మరీ ఎక్కువై ముద్రలు కూడా కనిపించకపోతే మెత్తగా అవక్షేపించిన సుద్దపొడిని డిస్టిల్డ్ వాటర్‌లో పేస్టులా కలిపి, దూది చుట్టిన పుల్లతో ఎత్తైన చోట్లనే నెమ్మదిగా రుద్దండి. దూది నల్లబడగానే మార్చాలి, లేకపోతే తీసిన మురికే గీతలు పెడుతుంది. పల్లాల్లోకి పోనివ్వకండి, సుద్ద అక్కడ ఎండితే తెల్లగా గట్టిపడి మళ్లీ పళ్లపుల్లతో గీకాల్సి వస్తుంది. రుద్దిన ప్రతిసారీ కొంత వెండి పోతుందని గుర్తుంచుకోండి. పూత చెంచాలో ముందు అరిగేది గుంట వెనక భాగంలో బల్లకు ఆనే చోటు, కాడ చివర. అక్కడ పసుపుపచ్చగానో బూడిద రంగులోనో లోహం కనిపిస్తే ఇక మెరుగు మాట మరచిపోవాలి. టూత్‌పేస్టు పంటి ఎనామెల్‌కు సరిపోయే గరుకుతో తయారైంది. వెండి అంతకంటే చాలా మెత్తన. థయోయూరియా అనే రసాయనం, యాసిడ్ ఉండే ముంచుడు ద్రావణాలు సోడా కంటే ఘోరం.

భద్రపరచడంలో ఎక్కువ తప్పులు మంచి ఉద్దేశంతోనే జరుగుతాయి. చెంచాలను కట్టగా కట్టి రబ్బరు బ్యాండు వేస్తే, మధ్యలో కాగితం ఉన్నా సరే, రబ్బరులోని గంధకం నల్లటి పట్టీ వేస్తుంది. ఉన్ని గుడ్డ, ఫెల్ట్ అస్తరు ఉన్న పెట్టెలదీ అదే తీరు. పీవీసీ సంచి క్లోరైడ్లు వదులుతుంది. పాలిథీన్ సంచి ఫరవాలేదు. ఓక్ చెక్క ఆమ్లపు ఆవిరి వదులుతుంది కాబట్టి రాగి కలిసిన చవక లోహాల చెంచాలకు పచ్చటి చిలుము పట్టిస్తుంది. గంజి పెట్టని, ఉతికిన నూలు బట్టో, ఆమ్లం లేని టిష్యూ కాగితమో చాలు. సిలికా జెల్ తేమను తగ్గిస్తుందే గాని గంధకాన్ని పట్టదు. దానికి యాక్టివేటెడ్ బొగ్గు సంచి వేరుగా ఉండాలి. గోడకు తగిలించే చెక్క స్టాండు చూడముచ్చటగా ఉంటుంది, కానీ పొయ్యికి దగ్గరగా పెడితే జిడ్డూ గంధకమూ కలిసి పొరకడతాయి. చెంచాలు తగిలించే గాడుల మధ్య దూరం కాడ చివరి బొమ్మ వెడల్పు కంటే ఎక్కువ లేకపోతే తలుపు తట్టినప్పుడల్లా ఎనామెల్ ఎనామెల్‌కు కొట్టుకుంటుంది.

లెక్కపుస్తకంలో ఒక్కో చెంచాకు మిల్లీమీటర్లలో పొడవు, బరువు, వెనక ముద్రల బొమ్మ యథాతథంగా, గుంటలో ఉన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి. కాఫీ చెంచాలు 10, 11 సెంటీమీటర్లు, టీ చెంచాలు 13 నుంచి 15 దాకా ఉంటాయి. ఒకే నమూనా రెండు కొలతల్లోనూ వస్తుంది కాబట్టి పొడవు రాయకపోతే తర్వాత పోల్చుకోలేం. నెంబరు చీటీని నూలు దారంతో కట్టాలి. సెల్లోటేపు అంటిస్తే జిగురు ముద్రల్లోకి దిగుతుంది.

మీ చిట్కాల శీర్షికలో ఒక సవరణ వేయమని మనవి: ఎనామెల్, బంగారు పూత, నలుపు నింపిన చెక్కడం, అతికించిన కాడ ఉన్న చెంచాలకు సోడా ఫాయిల్ పద్ధతీ, టూత్‌పేస్టూ వాడవద్దు. ఇంకొక మాట, దినపత్రిక కాగితంలో కూడా వాటిని చుట్టవద్దని రాయండి. సిరాకూ ఆమ్లానికీ వెండి పడదు, ఎంత మంచి పత్రికైనా సరే.

ఇట్లు,
పాత లోహవస్తువుల సేకరణ పట్ల ఆసక్తి గల ఒక పాఠకుడు